82 లక్షలు చెబుతున్న ఇంటికి ఎంత అడగాలి?

మీరు అడిగింది ఇదీ: కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు వైపు ఒక కాలనీలో 3 సెంట్ల స్థలం, 14 ఏళ్ళ ఇల్లు, కింద 950 అడుగులు, పైన 550 అడుగుల చిన్న పోర్షన్. ఓనర్ 82 లక్షలు చెబుతున్నాడు. 79కి తక్కువ అడిగితే మాట్లాడటానికే కూర్చోడని బ్రోకర్ అంటున్నాడు. మీకు 70 అడగాలని ఉంది కానీ ఎక్కడ మొహం మీద తలుపేస్తాడో అని టెన్షన్. మామూలుగా చెప్పిన రేటు మీద పది శాతం తగ్గించి అడగాలా, పదిహేనా?

ముందు ఆ శాతాల సంగతి పక్కన పెట్టండి. చెప్పిన రేటు మీద శాతం తీయడం మొదలుపెట్టారంటే ఆ రేటును సగం ఒప్పేసుకున్నట్టే. నేను ఇళ్ళు కట్టి అమ్మినవాణ్ణి, ఆ తర్వాత కొనేవాళ్ళ పక్కన కూర్చుని బేరాలాడినవాణ్ణి కూడా, కాబట్టి ఆ 82 ఎట్లా పుట్టి ఉంటుందో చెప్తాను. కాలనీలో ఎవరో సెంటు 18కి అమ్మారని ఓనర్ చెవిన పడి ఉంటుంది. అది నిజమా, కార్నర్ బిట్టా, అసలు రిజిస్ట్రేషన్ అయిందా అని ఆయన ఆరా తీసి ఉండడు, తీయాల్సిన అవసరమూ ఆయనకు లేదు. మూడు పద్దెనిమిదులు 54. ఇక ఇల్లు. ఇప్పుడు కడితే అడుగుకు 1,900 అవుతుందని మేస్త్రీ చెప్పి ఉంటాడు, 1,500 అడుగులకు 28న్నర. మొత్తం 82న్నర. అంటే 14 ఏళ్ళ ఇంటికి నిన్న గృహప్రవేశం చేసిన ఇంటి రేటు కట్టాడు. ఇది మోసమేమీ కాదు, అమ్మేవాళ్ళలో చాలామంది లెక్క ఇట్లాగే ఉంటుంది, నేను అమ్మేటప్పుడూ ఇదే లెక్క చెప్పేవాణ్ణి.

ఇప్పుడు మన లెక్క. పక్క వీధిలో ఖాళీ స్థలం ఈ మధ్యే సెంటు 16కి పోయిందని, కొన్నాయనే స్వయంగా చెప్పాడని రాశారు. మీ దగ్గరున్న అన్ని సమాచారాల్లోనూ విలువైనది అదొక్కటే. 3 సెంట్లకు 48. కట్టడానికి అదే 1,900 వేయండి, తగాదా వద్దు, కానీ ఏడాదికి ఒకటిన్నర శాతం చొప్పున 14 ఏళ్ళకు 21 శాతం తరుగు తీయండి. 28న్నర కాస్తా 22న్నర అవుతుంది. మొత్తం 70న్నర. మిద్దె కురుస్తోందని, వైరింగ్ పాతదని మీరే రాశారు కదా, వాటికో 3 లక్షలు తీసేస్తే 67న్నర. ఈ ఇల్లు ఆ కాలనీలో ఈ రోజు చేసే ధర ఇంచుమించు ఇదే. రెండు అటూ ఇటూ అవ్వొచ్చు, పది అటూ ఇటూ అవ్వదు.

ఆ 67న్నరలో ఇంకా కొన్ని కోతలు దాగి ఉండొచ్చు. మొదటిది టేపు. సెంటంటే 48.4 గజాలు, 3 సెంట్లంటే 145 గజాల పైచిలుకు. దస్తావేజులో నాలుగు వైపులా కొలతలుంటాయి, వాటితో వెళ్ళి నేల మీద కొలవండి. వీధి వైపు గోడ జరిగో, పక్కాయన కాంపౌండ్ లోపలికొచ్చో 2.8 సెంట్లే తేలిందనుకోండి, అక్కడికక్కడే 3 లక్షల పైన పోయింది. కొలవకుండా బేరం మొదలుపెట్టే వాళ్ళను చూస్తే నాకు నిజంగా ఆశ్చర్యం.

రెండోది నేల. మన జిల్లాలో చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే మట్టి, పునాది దానికి తగ్గట్టు వేయకపోతే గోడలు ఊరుకోవు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పైకి పోయే పగుళ్ళున్నాయేమో చూడండి. వెంట్రుక మందం గీతలు పూత మీదివి, వాటిని వదిలేయండి. పావలా బిళ్ళ దూరేంత సందు ఉండి, అదే గీత గోడకు అవతలి వైపు కూడా కనిపిస్తే అది పునాది కథ, ఇంజినీరుకు చూపించకుండా ఒక్క రూపాయి మాట కూడా ఇవ్వకండి. ఇంకో గుర్తు చెప్తాను. గదంతా పాత సున్నం, కింది మూడడుగులు మాత్రం కొత్త పెయింటు. అమ్మకానికి పెట్టే ముందు చెమ్మ కప్పేశారన్నమాట. వేలితో నొక్కితే పెయింటు కింద గుల్లగా తగులుతుంది, గోరు పెడితే పొరలా లేచి వస్తుంది. అప్పుడు ఓనర్ మొహం చూడకండి, పక్కనున్న బ్రోకర్ మొహం చూడండి.

మూడోది నీళ్ళు. వానాకాలంలో చూస్తే ఏ ఇల్లయినా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో, బోరు ఎన్ని అడుగుల్లో ఉందో, ట్యాంకర్ వచ్చిన రోజులున్నాయో ఓనర్‌ను కాదు, ఎదురింటి ఆడవాళ్ళను అడగండి. అనంతపురంలో ఇల్లు చూసేవాళ్ళయితే ఇది మొదటి ప్రశ్న కావాలి. నీళ్ళు తక్కువే కాదు, ఎక్కువ వచ్చే చోట్లూ ఉన్నాయి. కర్నూలు పాత బస్తీ, హంద్రీ ఒడ్డు వైపు అయితే 2009 అక్టోబరులో తుంగభద్ర వచ్చినప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయని అడగండి, ఆ వీధిలో పాతకాపులు గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు. అనంతపురంలో నడిమివంక 2022 అక్టోబరులో కాలనీల్లోకి వచ్చింది, కడపలో బుగ్గవంక సంగతి వేరే చెప్పక్కర్లేదు. మీరు చూస్తున్న ఇల్లు ఎత్తులోనే ఉంటుందని అనుకుంటున్నాను, అయినా ఒక్కసారి అడిగితే పోయేదేముంది.

వాస్తు నమ్మరని రాశారు. మంచిది, నేనూ పెద్దగా పట్టించుకోను. కానీ వీధిపోటు ఉన్నా, ఈశాన్యం తెగినా రేపు మీ దగ్గర కొనేవాడు పట్టించుకుంటాడు, అప్పుడు తగ్గించాల్సింది మీరు. ఆ తగ్గింపు ఇవాళే తీసుకోండి.

ఇంతకీ ఎంత అడగాలి? నన్నడిగితే 62. ఎందుకు 70 కాదో చెప్తాను. మన దగ్గర బేరమంటే చివరికి ఎవరో ఒక పెద్దమనిషి ‘సరే, ఇద్దరూ చెరి సగం దిగండి’ అంటాడు. ఆ మాట తప్పకుండా వస్తుంది. 82కి, మీ 70కి మధ్య 76. ఇల్లు చేసేది 67న్నర, మీరేమో 76 దగ్గర తేలి, ఆరు లక్షలు తగ్గించామని ఇంటికెళ్ళి పాయసం వండుకుంటారు. 62 అడిగితే మధ్య 72, అదీ ఎక్కువే, కానీ అక్కడి నుంచి 69కి దింపడం అయ్యే పని. మీ పై గీత 69. ఆ అంకె మీ ఇంట్లో మీ ఆవిడకు, మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. బ్రోకర్‌కైతే అసలే వద్దు. ఆయన కమీషన్ ఇద్దరి దగ్గరా తీసుకుంటాడు, బేరం తెగడమే ఆయనకు కావాలి, ‘పార్టీ 69 దాకా వస్తాడు’ అన్న మాట గంటలో ఓనర్ చెవిలో ఉంటుంది.

62 అంటే అవమానపడతాడా అంటే, ఎట్లా చెప్పారన్నదాని మీద ఉంటుంది. తలుపులు పాడయ్యాయి, వంటిల్లు ఇరుకు, పాత మోడల్ అని ఇల్లంతా తిరుగుతూ పేర్లు పెట్టుకుంటూ పోతే, ఆ ఇంటిని దగ్గరుండి కట్టించుకున్న ఆమె లోపలి నుంచి అన్నీ వింటూ ఉంటుంది, ఆ తర్వాత మీరు 75 ఇస్తామన్నా ఆయనతో సంతకం పెట్టనివ్వదు. కూర్చున్నాక, టీ వచ్చాక, ఇట్లా చెప్పండి: ‘సార్, ఇల్లు మాకు నచ్చింది కాబట్టే కూర్చున్నాం. పక్క వీధిలో సెంటు 16కి పోయిందని కొన్నాయనే చెప్పాడు. ఇంటికి 14 ఏళ్ళు, పైన స్లాబు పని చేయించుకోవాలి. అన్నీ చూసుకుంటే మాకు 62 కనిపిస్తోంది.’ అంతే, ఆపేయండి. మీరు చెప్పిన అంకె మీకే తక్కువనిపించి, ఆయన నోరు విప్పకముందే ‘ఇంకో రెండు చూద్దాంలే’ అనేస్తారు చాలామంది. టీ తాగండి.

ఆయన ‘62కా? ఆ రేటుకు స్థలం కూడా రాదు’ అంటాడు. బ్రోకర్ లేచి నిలబడి ‘పదండి సార్, పోదాం, ఇది అయ్యేటట్టు లేదు’ అంటాడు. ఆ లేవడం కూడా బేరంలో భాగమే, మీరు తొందరపడి లేవకండి, తొందరపడి పెంచకండి. ‘స్థలానికి 48 మేమూ వేశాం సార్, లెక్క తప్పుంటే చెప్పండి’ అనండి. ఆయన చెప్పే జవాబులో మీకు పనికొచ్చేది దొరుకుతుంది. 18కి అమ్మిన బిట్ ఏదో, ఎవరు కొన్నారో చెప్పగలిగితే వెళ్ళి కనుక్కోండి, నిజమైతే మీ లెక్క మార్చుకోవాలి, అందులో సిగ్గేమీ లేదు. చెప్పలేకపోతే 18 అన్నది గాలి మాట. 2020లో న్యాయ రాజధాని అన్నప్పుడు కర్నూలులో ఇట్లాంటి గాలి మాటలు ఎన్ని చూశామో. 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టం వెనక్కి పోయింది కానీ చెప్పిన రేట్లు మాత్రం వెనక్కి పోలేదు. ఇప్పుడు హైకోర్టు బెంచి, ఓర్వకల్లులో పరిశ్రమలు అంటున్నారు. వచ్చినప్పుడు వస్తాయి, వాటి డబ్బు మీరు ముందే ఓనర్‌కు ఇచ్చేయక్కర్లేదు.

పెంచేటప్పుడు మెట్లు చిన్నవవుతూ పోవాలి. 62 తర్వాత 65, తర్వాత 67, తర్వాత 68. మూడు, రెండు, ఒకటి. వీడి దగ్గర ఇంక లేదని అవతలివాడికి తనంతట తనకే తెలుస్తుంది. ప్రతి మెట్టుకూ బదులుగా ఏదో ఒకటి అడగండి, ఉత్తినే పెంచకండి. ‘67 ఇస్తాం, ఇన్వర్టరు, కబోర్డులు వదిలేయండి’, ‘68 చేద్దాం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను బాకీలు మీవే’ అన్నట్టు.

రేటు కాకుండా ఓనర్‌కు ఏం కావాలో కనుక్కోవడంలోనే అసలు తగ్గింపు ఉంది. ఎందుకు అమ్ముతున్నాడు? ఇది నేరుగా అడిగితే ‘పిల్లల దగ్గరికి పోతాం’ అంటాడు. వీధి చివర అంగడిలోనో, ఇస్త్రీ బండి దగ్గరో అడిగితే కూతురి పెళ్ళి కుదిరిందనో, బెంగుళూరులో ఫ్లాట్‌కు వాయిదా కట్టాలనో, ‘ఈ ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు పోయిన దసరా నుంచి వేలాడుతోందనో తెలుస్తుంది. డబ్బు తొందరగా కావాల్సినవాడికి ‘బ్యాంకు వాళ్ళు లోన్ ఓకే అన్నారు, 45 రోజుల్లో రిజిస్ట్రేషన్’ అన్న మాట రెండు లక్షలతో సమానం. పిల్లల పరీక్షలయ్యేదాకా ఇంట్లో ఉండాలనుకునేవాడికి ‘ఏప్రిల్ దాకా ఉండండి, అద్దె వద్దు’ అనండి. ఏ ఇబ్బందీ లేక, రేటొస్తే అమ్ముదాం లేకపోతే లేదు అని కూర్చున్నవాడి దగ్గర మాత్రం ఈ విద్యలేవీ పనిచేయవు, అక్కడ టైం వృథా. ఇంకోటి, ఆషాఢంలోనో మూఢంలోనో బేరానికి వెళ్ళండి. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళే ఉండరు, మాట ఖాయం చేసుకుని మంచి రోజులొచ్చాక అడ్వాన్స్, అగ్రిమెంటు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీ జేబు. 69కి తెగిందనుకుందాం. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, అంటే 5 లక్షల 17 వేలు. బ్యాంకు వాల్యుయర్ వచ్చి తన లెక్క తను వేస్తాడు, మీ రేటుకూ ఆయన లెక్కకూ ఏది తక్కువైతే దాని మీదే లోన్. ఆయన 66 అన్నాడనుకోండి, 30 నుంచి 75 లక్షల లోన్లకు 80 శాతం దాకానే ఇస్తారు కాబట్టి 52 లక్షల 80 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులోకి రాదు. బ్రోకర్‌కు ఒక శాతం. మొత్తం చూస్తే మీ చేతి నుంచి 22 లక్షల పైనే పెట్టాలి, రిపేర్లతో కలిపి 25. నెల వాయిదా ఎనిమిదిన్నర వడ్డీకి 20 ఏళ్ళ మీద 46 వేల దాకా వస్తుంది. ఈ లెక్క చేసుకోకుండా బేరానికి కూర్చున్నవాళ్ళే ఆఖర్లో మెత్తబడి ‘ఇంకో లక్షేలే’ అంటారు. 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్, అంటే ఓనర్ తరఫు ఆదాయపు పన్ను, ఓనర్‌కిచ్చే డబ్బులోంచి మీరే పట్టుకుని కట్టాలి, అది అగ్రిమెంటులోనే రాయించండి. ఓనర్ అమెరికాలోనో దుబాయ్‌లోనో స్థిరపడినవాడైతే ఈ 1 శాతం లెక్క కాదు, చాలా ఎక్కువ పట్టాల్సి ఉంటుంది, ఆడిటర్‌ను కలవకుండా ముందుకు పోవద్దు.

బేరం చివర్లో ఒక మాట వస్తుంది: ‘రెండు తగ్గిస్తాను, దస్తావేజులో 45 రాయించి మిగతాది చేతికివ్వండి.’ వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదు, తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. మీకూ లాభం లేదు, చూపించిన 45 మీదే బ్యాంకు లోన్ ఇస్తుంది, మిగతా 20 పైచిలుకు నోట్ల కట్టలు ఎక్కడి నుంచి తెస్తారు? రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 45 అనే లెక్కకొస్తుంది, ఆ తేడాకు కూడా పన్ను మీరే కడతారు. దీనివల్లే ఈసీలో, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో, కనిపించే పాత అమ్మకాల రేట్లు చూసి ‘ఇక్కడ సెంటు 8 లక్షలే కదా’ అని ఓనర్‌తో వాదించకండి, ఆ అంకెలు చాలావరకు ప్రభుత్వ విలువను ఆనుకుని రాసినవి. ఈసీ చూడాల్సింది రేటు కోసం కాదు, తనఖాలు, గొడవలు ఉన్నాయేమో అని.

గొడవలంటే గుర్తొచ్చింది. టైటిల్‌లో లోపముంటే దానికి తగ్గింపు అడగకండి, లేచి వచ్చేయండి. తండ్రి పేరు మీద ఉన్న ఇంటిని ఒక్క కొడుకు అమ్ముతున్నాడు, అక్కచెల్లెళ్ళ సంతకాలు ‘తర్వాత పెట్టిస్తాం’ అంటున్నాడు, లేదా సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంది, ఇట్లాంటివి 50కి వచ్చినా చవక కాదు. మిద్దె కురిస్తే మూడు లక్షలతో పోతుంది, కోర్టు కేసు పోదు.

చివరగా, మీరు రాయని విషయం ఒకటుంది, అది తేలకుండా 62 అని కూడా అనొద్దు. పై పోర్షన్‌కు మున్సిపాలిటీ ప్లాన్ ఉందా? మన కాలనీల్లో కింది అంతస్తుకు ప్లాన్ తీసుకుని, పిల్లలు పెద్దయ్యాక పైన కట్టేసినవి బోలెడు. ప్లాన్ లేకపోతే వాల్యుయర్ ఆ 550 అడుగులను లెక్కలోకి తీసుకోకపోవచ్చు, అప్పుడు లోన్ ఆరు లక్షలకు పైగా తగ్గుతుంది, ఆ తేడా మీరే చేతి నుంచి పెట్టుకోవాలి. పై పోర్షన్ తరుగు పోను విలువ మన లెక్కలో 8 లక్షల చిల్లర. ప్లాన్ లేదంటే అందులో సగం తీసేయండి: మొదటి మాట 58, పై గీత 65. ప్లాన్ కాపీ జిరాక్స్ ఇమ్మని ఓనర్‌ను అడగండి, ‘ఎక్కడో ఉంది, వెతికిస్తా’ అని రెండుసార్లు అన్నాడంటే లేదనే అనుకుని 58 నుంచే మొదలుపెట్టండి.